చెప్పుకోలేని చోట మంట



ఈ పూట చెప్పబోయే సంగతి వినగానే కొందరిళ్ళలో రేడియో గొంతు తగ్గించేస్తారని నాకు తెలుసు. తగ్గించినా ఫర్వాలేదు కానీ కట్టేయకండి. మగవాళ్ళ అంగం చివరి భాగాన్ని కప్పి ఉంచే చర్మాన్ని ముందోలు అంటాం. దానికి వచ్చే వాపులు, పగుళ్ళు, బిగుతు గురించి, వాటిలో దేనికి మందు సరిపోతుంది, దేనికి సున్తీ కావాలి అన్నదాని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. చర్మవ్యాధుల డాక్టరుగా ఈ గోదావరి జిల్లాల్లో నేను దాదాపు రోజూ చూసే జబ్బే ఇది. కానీ రోగి లోపలికి వస్తూనే దాని పేరెత్తడం మాత్రం అరుదు.

ముందు మెడ మీద తామర చూపిస్తారు. తరవాత మోకాళ్ళ నొప్పి. చీటీ రాయించుకుని, లేచి తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి, "ఇంకోటుందండి డాక్టరు గారూ, కాస్త వేడి చేసిందండి" అంటారు. ఎక్కడ అని అడిగితే చూపు నేల మీదకి పోతుంది. "ఆ చోటేనండి. మూత్రానికెళ్తే మంటండి."

ఈ "వేడి" అన్న మాట కింద మన ప్రాంతంలో ఎన్నో రోగాలు దాక్కుంటాయి. వేడి చేసిందనుకున్న మనిషి సబ్జా గింజలు నానబెట్టి తాగుతాడు, బార్లీ నీళ్ళు తాగుతాడు, మజ్జిగలో ఉప్పు వేసుకుంటాడు. కొబ్బరి బొండాలకు మనకు కరువు లేదు, అవీ తాగుతాడు. మంట కాస్త తగ్గినట్టు ఉంటుంది, పది రోజులకు మళ్ళీ మొదలు. అప్పుడు డెట్టాలుతో కడుగుతాడు. అక్కడి చర్మం చాలా పల్చన. డెట్టాలు పడితే మంట రెట్టింపవుతుంది.

అసలు లోపల జరిగేది ఏమిటంటే, రక్తంలో షుగరు సుమారు 180 మిల్లీగ్రాములు దాటాక మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. మిగిలింది మూత్రంలోకి పోతుంది. మూత్రవిసర్జన అయ్యాక చివరి బొట్లు కొన్ని ముందోలు కింద నిలిచిపోతాయి. అక్కడ వెచ్చగా ఉంటుంది, తడిగా ఉంటుంది, గాలి ఆడదు, పైగా ఇప్పుడు తీపి కూడా చేరింది. కాండిడా అనే ఈస్టు మన ఒంటి మీద మామూలుగానే ఎక్కడో ఒక చోట ఉంటుంది. దానికి ఇంతకంటే కావలసిందేమీ లేదు. అంగం కొన ఎర్రబడుతుంది, తెల్లగా పెరుగు తరకలాంటిది కడుతుంది, దురద, మంట మొదలవుతాయి. ముందోలు అంచు చుట్టూ సన్నటి నిలువు పగుళ్ళు వస్తాయి. ఈ పగుళ్ళే అసలు చిక్కు. పగులు మానిన చోట మచ్చ పడుతుంది. మచ్చ పడ్డ చర్మం సాగదు. సాగని చర్మాన్ని వెనక్కి లాగితే మళ్ళీ చిట్లుతుంది. అలా మానుతూ చిట్లుతూ ఏడాది తిరిగేసరికి, తాడు లాగి బిగించిన సంచి మూతిలా తోలు ముడుచుకుపోతుంది. అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేకుండా బతికిన యాభై ఏళ్ళ మనిషికి తోలు వెనక్కి రావడం మానేస్తే, సగం కథ అక్కడే తెలిసిపోయినట్టు. నేనైతే చీటీ మీద ముందు రాసేది రక్తపరీక్ష, ఆ తరవాతే మందు.

మన డెల్టాకి ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే దానికి లెక్క ఉంది. 2000 తరవాతి తొలి సంవత్సరాల్లో ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదు కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు కలిసి చేశాయి. 45 ఊళ్ళలో ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో ఇంటింటికీ వెళ్ళి అడిగి రాశారు. పల్లెల్లో చావులంటే అంటురోగాలే అనుకునే రోజులవి. తేలిందేమిటంటే చనిపోయినవాళ్ళలో 32 శాతం మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. అదే పరిశోధనలో భాగంగా 20 ఊళ్ళలో 30 ఏళ్ళు దాటిన నాలుగున్నర వేల మందిని పరీక్ష చేస్తే నూటికి పదమూడు మందికి షుగరు ఉంది. పట్నం కాదు, పొలం గట్ల మీద నడిచే ఊళ్ళు. ఆ ఫలితాలు 2006లో డయాబెటిస్ కేర్ అనే పత్రికలో వచ్చాయి. భీమవరం పక్క రైతుకి షుగరేమిటి అని అప్పట్లో ఆశ్చర్యపోయిన డాక్టర్లున్నారు. ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు. దేశం మొత్తం మీద ఐసీఎంఆర్ చేయించిన సర్వే 2023లో బయటికొచ్చినప్పుడు, షుగరు ఉన్నవాళ్ళు పది కోట్ల పైమాటే అని తేలింది.

షుగరు వచ్చిందని మనిషికి తెలిసే దారులు రకరకాలు. ఒకరికి కాలి పుండు మానదు. ఒకరికి చూపు మసకబారుతుంది. ఇంకొకరికి ఏ బాధా లేదు, దాహం ఎక్కువైందని కూడా అనుకోరు, ఎండాకాలం కదా అనుకుంటారు. అలాంటివాళ్ళలో కొందరికి మొదటి ఆనవాలు ఈ ముందోలు పగుళ్ళే. 1990లో అమెరికా చర్మవైద్యుల పత్రిక ఒకటి సుమారు నాలుగు వందల మందిని చూసి వేసిన లెక్కను ప్రచురించింది. సున్తీ లేని షుగరు రోగుల్లో దాదాపు మూడో వంతు మందికి ఈ వాపు కనిపించింది. ఒక ఆసుపత్రికి వచ్చిన రోగుల లెక్కే అది, ఊరంతటి లెక్క కాదు. అయినా షుగరుకూ ముందోలుకూ ఉన్న పొత్తు ఎంత గట్టిదో చెప్పడానికి చాలు.

ఇందులో ఈ మధ్య ఇంకో మెలిక పడింది. షుగరుకి కొత్తగా వాడుతున్న మందులు కొన్ని ఉన్నాయి, పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అలాంటివి. రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రం దారిన బయటికి పంపడమే వాటి పని. మంచి మందులు. గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయని పెద్ద పెద్ద పరిశోధనలు చెప్పాయి. కానీ మూత్రంలో చక్కెర పెరిగితే ముందోలు కింద ఏం జరుగుతుందో ఇందాక చెప్పుకున్నాం. 2015లో వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్ పరిశోధనలో, ఆ మందు వాడిన మగవాళ్ళలో నూటికి అయిదుగురికి మర్మాంగాల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అది ఒకటిన్నర. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో ముగిసింది. అక్కడి నుంచి అది చవకై చిన్న ఊళ్ళ మందుల షాపుల్లోకి కూడా వచ్చింది. ఆ మాత్ర మొదలుపెట్టాక దురద వస్తే, దానంతట అదే వచ్చిందనుకోకండి, మీ అంతట మీరు మాత్ర ఆపేయనూ వద్దు. రాసిన డాక్టరుతో చెప్పండి. సిగ్గుపడి చెప్పకుండా మందు ఆపేసి, గుండెపోటుతో ఆసుపత్రికి చేరడం కంటే ఆ అయిదు నిమిషాల ఇబ్బంది నయం.

ఒక్క హెచ్చరిక. ఇలాంటి మందు వాడుతున్న మనిషికి మర్మాంగాల దగ్గర, మలద్వారం చుట్టుపక్కల విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం ఒకేసారి వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫోర్నియర్ గాంగ్రీన్ అని, కండ కుళ్ళిపోయే జబ్బు. చాలా అరుదే. కానీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది.

ఇప్పుడు మందుల షాపు సంగతి. డాక్టరు దగ్గర చెప్పుకోలేని మాట షాపు కుర్రాడి చెవిలో చెప్పడం సులువు. అతను ఒక ట్యూబు ఇస్తాడు. అందులో ఫంగసు మందు ఉంటుంది, యాంటీబయాటిక్ ఉంటుంది, వాటితోపాటు బలమైన స్టెరాయిడు ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద మాయం. ఆ మాయ స్టెరాయిడుది. వాపుని అణిచేస్తుంది, ఫంగసుని మాత్రం దాచి పెంచుతుంది. ఆపగానే రెండింతలై తిరిగొస్తుంది, మళ్ళీ అదే ట్యూబు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. ఈ గొడవ మీద మన దేశపు చర్మవైద్యుల సంఘం చాలాకాలం పోరాడాక 2018లో కేంద్రం అలాంటి స్టెరాయిడు క్రీములు కొన్నింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. నిబంధన ఉంది. ట్యూబులూ అమ్ముడవుతున్నాయి.

మరి సరైన వైద్యం? మామూలు ఈస్టు వాపైతే చాలా తేలిక. ఒట్టి ఫంగసు క్రీము రోజుకి రెండుసార్లు, వారం నుంచి రెండు వారాలు. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, సబ్బు పెట్టకుండా, మెత్తగా తుడిచి ఆరనివ్వాలి. షుగరు అదుపులోకి రావాలి, అది లేకపోతే ఎన్ని ట్యూబులు రాసినా వృథా. భార్యకు కూడా దురద, తెల్లబట్ట ఉంటే ఆవిడనీ చూపించాలి. ఈ మాట అనగానే కొందరు మగవాళ్ళ ముఖాలు మారిపోతాయి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న తగువు మొదలవుతుంది. ఈస్టు చాలావరకు ఎవరికి వారికే వస్తుంది. దీన్ని పట్టుకుని కాపురంలో అనుమానాలు పెట్టుకోకండి. నిజంగా సుఖవ్యాధి అనుమానం ఉంటే పుండు వేరుగా ఉంటుంది, దానికి వేరే పరీక్షలున్నాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్ అన్న బోర్డు కింద ఆ పరీక్షలు ఉచితంగా, గుట్టుగా చేస్తారు.

ఇక సున్తీ దగ్గరికి వద్దాం. ముందోలు జబ్బుల్లో కొన్నింటికి సున్తీయే అసలు వైద్యం. వాటిలో ముఖ్యమైనది లైకెన్ స్క్లెరోసస్. దీనికీ ఈస్టుకీ సంబంధం లేదు, అంటురోగమూ కాదు. ముందోలు అంచు తెల్లగా, పింగాణీ రంగులోకి మారుతుంది, గట్టిపడుతుంది, లోపలి చర్మం కొనకు అతుక్కుంటుంది. మూత్రద్వారం కూడా సన్నబడుతుంది. ధార రెండు పాయలుగా పడుతుంది, లేదా సన్నటి దారంలా వస్తుంది. పాత పుస్తకాల్లో దీన్నే బాలనైటిస్ జెరోటికా ఆబ్లిటెరాన్స్ అని రాశారు, జర్మనీలో స్టూమర్ అనే వైద్యుడు 1928లో పెట్టిన పేరు. ఇది మొదటి దశలో ఉంటే క్లోబెటసోల్ అనే బలమైన స్టెరాయిడు పూత, డాక్టరు కనిపెట్టి చూస్తూ ఉండగా, కొన్ని వారాలు రాస్తే తగ్గవచ్చు. అవును, ఇందాక తిట్టిన స్టెరాయిడే. జబ్బు తెలిసి రాస్తే మందు అవుతుంది. మచ్చ కట్టి తోలు బిగిసిపోయాక మాత్రం సున్తీ చేయవలసిందే, చేస్తే చాలామందికి జబ్బు అక్కడితో ఆగిపోతుంది.

ఎందుకు ఆగుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. లండన్‌లో క్రిస్ బంకర్ అనే చర్మవైద్యుడి బృందం 2000లో 357 మంది మగ రోగుల లెక్క ప్రచురించింది. జూన్స్ బాలనైటిస్ అనే ఇంకో మొండి వాపు ఉంది, అంగం కొన మీద ఎర్రగా నిగనిగలాడే మచ్చ, నొప్పి పెద్దగా ఉండదు, ఏళ్ళ తరబడి పోదు. ఆ జబ్బు ఉన్నవాళ్ళలో ఒక్కరికి కూడా సున్తీ అయి లేదు. లైకెన్ స్క్లెరోసస్ కూడా చాలావరకు సున్తీ లేనివాళ్ళదే. బంకర్ వాదన ఏమిటంటే, మూత్రం పోసి లేచాక కారే ఒకటి రెండు బొట్లు ముందోలు కింద నిలిచి, ఏళ్ళ తరబడి చర్మాన్ని ఒరిపిడి పెట్టడమే మూలం అని. అందరూ ఒప్పుకోలేదు కానీ నాకు ఇది నమ్మదగినదిగానే కనిపిస్తుంది. దీని నుంచి ఒక పైసా ఖర్చు లేని జాగ్రత్త కూడా వస్తుంది. మూత్రానికి వెళ్ళినప్పుడు హడావిడిగా పంచె సర్దుకోకుండా మరికాసేపు ఆగి, తోలు వెనక్కి వచ్చేవాళ్ళు వెనక్కి తీసి, చివరి బొట్టు పోయాక తుడుచుకుని, తోలు మళ్ళీ ముందుకు తెచ్చుకోవాలి. బస్టాండు గోడ దగ్గర ఇది కుదరదని తెలుసు. ఇంట్లోనైనా చేయండి.

లైకెన్ స్క్లెరోసస్‌ని నిర్లక్ష్యం చేస్తే అది ముందోలుతో ఆగదు. మూత్రనాళంలోకి పాకుతుంది, నాళం పొడుగునా సన్నబడుతుంది. అప్పుడు సున్తీ చాలదు, నాళాన్ని కొత్తగా కట్టాలి. జబ్బు పట్టేది చర్మాన్ని కాబట్టి అక్కడి చర్మంతో అతుకు వేస్తే అదీ పాడైపోతుంది. అందుకని బుగ్గ లోపలి పొర తీసి అతుకుతారు. ఈ శస్త్రచికిత్సలో ప్రపంచమంతా పేరున్న సర్జన్ పుణేలోని సంజయ్ కులకర్ణి, ఆయన పద్ధతికి ఆయన పేరే పెట్టారు. మన దేశంలో ఇలాంటి కేసులు అన్ని ఉన్నాయి కాబట్టే ఆ నేర్పు ఇక్కడ పుట్టింది. ఇంకో సంగతి, ఈ జబ్బు ఏళ్ళ తరబడి ఉన్న కొద్దిమందిలో అది క్యాన్సరుకు దారి తీయవచ్చు. బిగిసిపోయిన తోలు కింద ఏం పెరుగుతోందో కంటికి కనపడదు. వయసు మీరిన మనిషికి అక్కడి నుంచి దుర్వాసన, నెత్తురు, గడ్డ లాంటిది ఉంటే పూతలతో కాలం గడపకూడదు. తీసిన తోలుని కూడా పారేయకుండా బయాప్సీకి పంపమని అడగండి. ఈ మధ్య పట్నాల్లో లేజర్ సున్తీ, స్టేప్లర్ సున్తీ అని పెద్ద పెద్ద ప్రకటనలు చూస్తున్నాం. ఏ పనిముట్టుతో కోశారన్నది చిన్న విషయం. తీసిన ముక్క ల్యాబుకి వెళ్ళిందా లేదా అన్నది అసలు విషయం.

సున్తీ అనగానే మన దగ్గర రోగి నోటి నుంచి వచ్చే మొదటి మాట, "మాలో ఆ ఆచారం లేదండి." ఈ మాట కులం, ఊరు ఏదైనా ఒక్కలాగే వింటాను. చర్చికి వెళ్ళేవాళ్ళు సున్నతి అన్న మాట బైబిల్లో చదివినా, అది తమకు వర్తించదనే అంటారు. ముస్లిం ఇళ్ళలో పిల్లవాణ్ణి పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి చేసే వేడుక ఒకటి, డాక్టరు జబ్బు నయం చేయడానికి చేసే ఆపరేషను ఇంకొకటి. కోత ఒకటే, కారణం వేరు. మనవాళ్ళ ప్రాచీన వైద్యంలో ఈ జబ్బు లేదనుకుంటే అదీ పొరపాటే. సుశ్రుతుడు తోలు బిగిసిపోవడాన్ని నిరుద్ధప్రకశం అన్నాడు. వెనక్కి పోయిన తోలు తిరిగి ముందుకు రాకపోవడాన్ని పరివర్తిక అన్నాడు. నిరుద్ధప్రకశానికి లోహంతోనో కర్రతోనో చేసిన రెండు వైపులా నోరున్న గొట్టానికి నెయ్యి పూసి పెట్టి, మూడేసి రోజులకోసారి కాస్త లావు గొట్టం మార్చుతూ ద్వారాన్ని వెడల్పు చేయమన్నాడు. అలా కాకపోతే, కింది కుట్టురేఖను తప్పించి కోయమన్నాడు. ముందు సాగదీయడం, కుదరకపోతే కత్తి. ఇవాళ మేం పాటించే వరస కూడా ఇంచుమించు అదే. సాగదీసే పనికి ఇప్పుడు గొట్టం బదులు పూత వచ్చింది.

ఆపరేషను గురించి భయం వద్దు. పెద్దవాళ్ళకి అంగం మొదట్లో ఒక ఇంజెక్షనుతో తిమ్మిరెక్కించి చేస్తారు, అరగంట నుంచి ముప్పావు గంట పని. కుట్లు వాటంతట అవే రెండు మూడు వారాల్లో ఊడిపోతాయి. కొన్నాళ్ళు కొన భాగం బట్ట తగిలినా చురుక్కుమంటుంది, తరవాత అలవాటైపోతుంది. భార్యాభర్తలు నాలుగు నుంచి ఆరు వారాలు దూరంగా ఉండాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. షుగరు అదుపులోకి తెచ్చుకుని వెళ్ళాలి, లేకపోతే గాయం మానక మళ్ళీ మొదటికే వస్తుంది. మగతనం పోతుందా అని అడగడానికి నోరు రానివాళ్ళకి నేనే ముందు చెబుతున్నాను, పోదు.

పిల్లల విషయం దీనికి పూర్తిగా తలకిందులు. రెండేళ్ళ మనవణ్ణి తీసుకొచ్చి, "తోలు వెనక్కి రావట్లేదండి, ఆపరేషనా?" అని అడిగే అమ్మమ్మలు, నానమ్మలు చాలామంది. పుట్టిన పిల్లవాడికి ముందోలు కొనకు అతుక్కునే ఉంటుంది, అది ప్రకృతి. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు నవజాత శిశువుల్ని పరీక్షించి చూస్తే తోలు పూర్తిగా వెనక్కి వచ్చేది నూటికి నలుగురికే. మూడేళ్ళు వచ్చేసరికి చాలామందికి వదులైందని ఆయన రాశాడు. ఆ లెక్క కాస్త తొందరపాటుదని తరవాత తేలింది. 1968లో డెన్మార్క్‌లో యాకోబ్ ఓస్టర్ బడిపిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి రాసినదాన్ని బట్టి, ఆరేడేళ్ళ వయసులో కూడా నూటికి ఎనిమిది మందికి తోలు బిగువుగానే ఉంది, పదహారు పదిహేడేళ్ళకి అది ఒక్కరికి తగ్గింది. దాదాపు అందరికీ దానంతట అదే. గైర్డ్‌నర్ వ్యాసం వచ్చేనాటికి ఇంగ్లండులో పసివాళ్ళకి అకారణంగా సున్తీలు విరివిగా చేసేవారు. ఏటా పదిహేను పదహారు మంది పిల్లలు ఆ ఆపరేషను వల్ల, ఎక్కువగా మత్తుమందు వల్ల చనిపోతున్నారని ఆయన లెక్క చూపించాడు. ఆ తరవాత అక్కడ అవి తగ్గిపోయాయి.

మన ఇళ్ళలో ఇంకో అలవాటు ఉంది. నలుగు పెట్టి నీళ్ళు పోసేటప్పుడు పిల్లవాడి తోలు బలవంతంగా వెనక్కి లాగి నూనె రాయడం. ఇది మానేయండి. లాగినప్పుడల్లా కంటికి కనపడని చీలికలు పడతాయి, అవి మచ్చ కట్టి, లేని బిగుతుని మనమే తెచ్చిపెట్టినవాళ్ళమవుతాం. పైపైన నీళ్ళు పోస్తే చాలు. మూత్రం పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బి, ఆ తరవాత ధార బాగానే వస్తుంటే కంగారు పడనక్కర్లేదు. అయిదారేళ్ళు దాటినా ఇబ్బంది ఉంటే బెటామెథసోన్ పూత నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాయిస్తాం, చాలామందికి దానితోనే వదులవుతుంది. పదే పదే చీము పట్టడం, మూత్రం ఆగిపోవడం, అంచు తెల్లగా గట్టిపడటం, వీటికి మాత్రం ఆపరేషను. ఆ తెల్లబడటం పిల్లల్లో కూడా లైకెన్ స్క్లెరోససే కావచ్చు. ఆచారం ప్రకారం సున్తీ చేయించే ఇళ్ళవాళ్ళకు కూడా ఒక మాట. పిల్లవాడి మూత్రద్వారం కొన మీద కాకుండా కింది వైపు ఉంటే సున్తీ ఆపి ముందు సర్జనుకు చూపించండి. ఆ లోపం సరిచేయడానికి ఆ తోలే కావాలి.

సున్తీకి ఇన్ని లాభాలుంటే మగపిల్లలందరికీ చేసేయవచ్చు కదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు, పండితుల్లో కూడా ఉన్నారు. ఆస్ట్రేలియాలో బ్రయన్ మోరిస్, అమెరికాలో జాన్ క్రీగర్ కలిసి 2017లో చాలా పరిశోధనల్ని కుప్పపోసి లెక్క కట్టి, సున్తీ అయినవాళ్ళలో ఈ వాపులు 68 శాతం తక్కువ అన్నారు. మోరిస్ ఎన్నో ఏళ్ళుగా సున్తీ ప్రచారకుడు, ఆ సంగతి గుర్తుంచుకునే ఆయన అంకెలు చదవాలి. కానీ దిశ మాత్రం నిజమే. హెచ్‌ఐవీ విషయంలో ఆఫ్రికాలో మూడు పెద్ద పరిశోధనలు జరిగాయి, 2005లో దక్షిణాఫ్రికా, 2007లో కెన్యా, ఉగాండా ఫలితాలు వచ్చాయి. సున్తీ అయిన మగవాళ్ళకి ఆడవాళ్ళ నుంచి హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గింది. 2004లో పుణే సుఖవ్యాధుల క్లినిక్కుల్లో 2,298 మందిని గమనించిన పరిశోధన కూడా అదే చెప్పింది. హెచ్‌ఐవీతో ఉమ్మడి రాష్ట్రం, అందులోనూ మన జిల్లాలు ఎన్ని అగచాట్లు పడ్డాయో మనకు తెలుసు. అయినా నా మట్టుకు, జబ్బు లేని పిల్లవాడికి జబ్బు వస్తుందేమోనని కోయడం వైద్యం అనిపించుకోదు. చాలామందికి జన్మలో ఎప్పుడూ ఇబ్బంది పెట్టని చర్మం అది. ఎవరికి పెడుతోందో కనిపెట్టి, వాళ్ళకి ఆలస్యం చేయకుండా చేయాలి. మన దగ్గర జరుగుతున్నది ఇంచుమించు తిరగబడి ఉంది. కోయనక్కరలేని పసివాళ్ళని తొందరపెడుతున్నాం, కోయవలసిన అరవై ఏళ్ళవాళ్ళని ట్యూబులతో నాన్చుతున్నాం.

ఎక్కడ చూపించుకోవాలన్నది చివరి మాట. కాకినాడ జనరల్ ఆసుపత్రిలో, రాజమండ్రి, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళి, "అక్కడ దురద" అంటే చాలు, వివరం డాక్టరే అడుగుతారు. వెళ్ళేముందు పరగడుపున ఉండండి, షుగరు పరీక్ష కూడా ఆ పూటే అయిపోతుంది. వేసుకుంటున్న మాత్రల పట్టీలు, రాస్తున్న ట్యూబు వెంట తీసుకెళ్ళండి.

ఇంట్లో పెద్దవాళ్ళకి మూత్రం గొట్టం వేసి ఉంటే మాత్రం ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. గొట్టం వేసేటప్పుడో, శుభ్రం చేసేటప్పుడో వెనక్కి తీసిన తోలు మళ్ళీ ముందుకు తెచ్చారో లేదో చూడండి. మరిచిపోతే గంటల్లో కొన ఉబ్బి, తోలు ఉంగరంలా బిగుసుకుని రక్తం ఆడదు. సుశ్రుతుడు చెప్పిన పరివర్తిక ఇదే. అలా అయితే తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రైనా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. ముందుగా చేత్తో మెల్లగా నొక్కి వాపు తగ్గించి చూస్తారు, చాలావరకు ఆ నొక్కుతోనే సరి అవుతుంది.